మనింట్లో పెట్టె ఎవరిది? టీవో – ఎకోస్టార్ పేటెంట్ గొడవ

 

ఈ ఎపిసోడ్ మా మావయ్య అడిగిన ప్రశ్నతో మొదలైంది. ఆయనకి కైకలూరు దగ్గర చేపల చెరువు ఉంది. శీలావతి, బొచ్చె పెంచుతాడు. ఈమధ్య ఏరియేటర్ మోటార్లకి ఫోన్‌తో నడిచే స్టార్టర్ పెట్టించాడు. ఇదివరకు రాత్రి రెండింటికి కరెంటు పోయి వస్తే టార్చిలైటు పట్టుకుని గట్టు మీదకి పరిగెత్తేవాడు. ఇప్పుడు మంచం మీదనుంచే ఆన్ చేస్తున్నాడు.

మొన్న తాడేపల్లిగూడెం వచ్చినప్పుడు అడిగాడు. "ఒరేయ్, ఈ స్టార్టర్ కంపెనీ మీద ఇంకో కంపెనీ కేసేసిందని అంటున్నారు. మావోళ్ళు ఓడిపోతే నా మోటారు ఆగిపోద్దా? నేను డబ్బులు పోసి కొన్నాను కదరా?"

"ఆగదు మావయ్యా, నువ్వు హాయిగా పడుకో" అనేద్దామనుకున్నా. నోరు రాలేదు. ఎందుకంటే, జనం ఇళ్ళలో ఉన్న పెట్టెల్లో ముఖ్యమైన పనిని ఆపేయమని కోర్టు చెప్పిన కేసు ఒకటి నాకు తెలుసు. అమెరికాలో జరిగింది. టీవోకీ ఎకోస్టార్‌కీ మధ్య. ఎకోస్టార్ అంటే అక్కడ డిష్ నెట్‌వర్క్ నడిపిన కంపెనీ. అప్పట్లో అమెరికాలో చాలా తెలుగిళ్ళకి మన ఛానళ్ళు ఆ డిష్‌లోనే వచ్చేవి. మా పిన్ని డల్లాస్‌లో ఉండేది. పగలంతా ఆఫీసు, సాయంత్రం పిల్లల పని, అంతా అయ్యాక రికార్డు చేసి పెట్టుకున్న సీరియల్ చూసేది. అలా రికార్డు చేసే పెట్టె గురించే ఈ గొడవంతా.

ముందు ఆ పెట్టె ఏం చేస్తుందో చూద్దాం. మనకి కొల్లేరుందిగా, దాంతోనే చెప్తా. బుడమేరు, తమ్మిలేరు నుంచి నీళ్ళు వచ్చి కొల్లేట్లో చేరతాయి. ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. వచ్చే వేగం వేరు, పోయే వేగం వేరు. ఆ తేడాని మధ్యలో ఉన్న సరస్సు మోస్తుంది. రికార్డింగ్ పెట్టెలో హార్డ్‌డిస్క్ చేసే పని కూడా అదే. సిగ్నల్ ఒకవైపు నుంచి వచ్చి డిస్క్‌లో పడుతూనే ఉంటుంది, ఇంకోవైపు నుంచి మీరు మీ తీరికని బట్టి తీసుకుని చూస్తుంటారు. అందుకే లైవ్ మ్యాచ్‌ని పాజ్ చేసి, అన్నం తినొచ్చి, ఆగిన చోటు నుంచి చూడగలరు.

ఈ పనిని తక్కువ ఖరీదు చిప్పులతో సాఫీగా చేసే పద్ధతికి టీవో 1998లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టింది. 2001లో వచ్చింది. నంబరు 6,233,389. ఎకోస్టార్ మా పద్ధతినే వాడుతోందని 2004 జనవరిలో టెక్సాస్‌లో కేసు వేసింది. డల్లాస్‌కి తూర్పున మార్షల్ అని ఒక చిన్న ఊరుంది, పేటెంట్ కేసులకి పేరు పడ్డ ఊరు. అక్కడ 2006 ఏప్రిల్‌లో జ్యూరీ టీవో వైపు తీర్పిచ్చింది. నష్టపరిహారం దాదాపు 7 కోట్ల 40 లక్షల డాలర్లు.

ఇక్కడిదాకా ఇది రెండు కంపెనీల డబ్బు గొడవే. అసలు సంగతి ఆ ఆగస్టులో వచ్చింది. జడ్జి డేవిడ్ ఫోల్సమ్ ఇంజంక్షన్ ఇచ్చారు. కొత్త పెట్టెలు అమ్మొద్దు అని మాత్రమే కాదు, ఇప్పటికే జనం ఇళ్ళలో ఉన్న పెట్టెల్లో కూడా రికార్డింగ్ పనిచేయకుండా 30 రోజుల్లో ఆపేయండి అన్నారు. మినహాయింపు 1,92,708 పెట్టెలకే. ఎందుకంటే వాటి వల్ల పోయిన లాభాన్ని జ్యూరీ అప్పటికే టీవోకి లెక్కగట్టి ఇచ్చేసింది. మిగతావన్నీ ఆగాల్సిందే. మరి జనానికి ఇబ్బంది కదా అంటే, ఇది ప్రజారోగ్యంలాంటి వ్యవహారం కాదు, వినోదానికి వాడే వస్తువు అన్నది కోర్టు ఆలోచన.

ఇప్పుడు మా పిన్ని వైపు నుంచి చూడండి. ఆమె కేసులో లేదు. ఆమెకి నోటీసు లేదు, లాయరు లేడు. కానీ ఆర్డరు అమలయ్యేది మాత్రం ఆమె హాల్లో.

మన కొల్లేరు వాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. అదే 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద అభయారణ్యం పరిధిలో, అయిదో కాంటూరు దాకా, చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అక్కడ కాపాడాల్సింది సరస్సు, ఇక్కడ ఒక కంపెనీ హక్కు. రెండూ ఒకటని నేననను. కానీ అప్పు చేసి లీజుకి తీసుకున్న మనిషి అడిగే మాట మాత్రం ఒకటే: "నేను డబ్బులు కట్టాను కదండి?"

చట్టం జవాబు కొంచెం కఠినంగానే ఉంటుంది. పేటెంట్ ఉన్నదాన్ని అనుమతి లేకుండా తయారుచేయడం, అమ్మడంతో పాటు వాడడం కూడా తప్పే. అమెరికాలో అంతే, మన పేటెంట్ల చట్టం 1970లో సెక్షన్ 48 కూడా అంతే. మన దగ్గర సెక్షన్ 3(కె) ప్రకారం ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రాంకి పేటెంట్ రాదు. కానీ యంత్రంతో కలిసి పనిచేసే ఆవిష్కరణలకి వస్తూనే ఉన్నాయి. కాబట్టి ఇది అమెరికా కథ, మనకెందుకులే అనుకోవడానికి లేదు.

సరే, పిన్ని పెట్టె ఆగిందా? ఆగలేదు. అప్పీలు కోర్టు వెంటనే స్టే ఇచ్చింది. ఈలోపు ఎకోస్టార్ ఏం చేసిందంటే, 15 మంది ఇంజినీర్లని కూర్చోబెట్టి, ఏడాది పాటు, 8,000 గంటలు పనిచేయించి సాఫ్ట్‌వేర్ మార్చింది. మార్చి, ఇళ్ళలో ఉన్న పెట్టెల్లోకే పంపేసింది. నేనూ ఆ పనే చేసినవాణ్ణి కాబట్టి ఆ టీమ్ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. మీరు లేచి తలుపు తీయకుండానే మీ పెట్టెలోకి కొత్త సాఫ్ట్‌వేర్ రాగలిగిందంటే, ఉన్నది పోవడానికి కూడా మీరు తలుపు తీయక్కర్లేదు.

2008 జనవరిలో అప్పీలు కోర్టు హార్డ్‌వేర్ విషయంలో తీర్పు తిప్పేసింది, సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం టీవోనే గెలిచిందంది. "మేం ఎప్పుడో మార్చేశాం కదా" అంది ఎకోస్టార్. 2009లో ఫోల్సమ్ ఒప్పుకోలేదు. రికార్డింగ్ ఆపమన్నాం, మీరు ఆపలేదు, ఇది కోర్టు ధిక్కారం అన్నారు. ఇంకో 10 కోట్ల 30 లక్షల డాలర్లు, పైన వడ్డీ. 2011 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు జడ్జీలంతా కూర్చుని, మార్చిన సాఫ్ట్‌వేర్ నిజంగా వేరేదో కాదో మళ్ళీ తేల్చమన్నారు. కానీ ఆపమన్నది ఆపలేదన్న ధిక్కారాన్ని అలాగే ఉంచారు. ఆ తర్వాత రెండు వారాలు తిరక్కుండానే రాజీ. డిష్, ఎకోస్టార్ కలిసి 50 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 30 కోట్లు ముందు, మిగతాది 2012 నుంచి 2017 దాకా ఏటా కొంత.

టీవోని విలన్‌ని చేయొద్దండి. కష్టపడి కనిపెట్టింది, పెద్ద కంపెనీ వాడేసుకుందని కోర్టుకెళ్ళింది. దాన్ని నమ్ముకున్న కస్టమర్లూ ఉన్నారు. టీవో పెట్టెకి ప్రోగ్రాం గైడ్ అందుతూ ఉండాలి, కంపెనీ మునిగితే వాళ్ళ పెట్టె కూడా సగం చచ్చినట్టే. చివరికి 2016లో టీవోని రోవీ అనే కంపెనీ కొనేసింది. అంటే గెలిచినవాడి కస్టమరైనా, ఓడినవాడి కస్టమరైనా, పెట్టె బతుకు కంపెనీ చేతిలోనే ఉంది.

ఇప్పుడు మావయ్య దగ్గరికొద్దాం. సీరియల్ రికార్డు కాకపోతే పిన్ని ఒకరోజు విసుక్కుంటుంది, అంతే. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి మోటారు తిరక్కపోతే చేపలు తేలిపోతాయి. ఏడాది పెట్టుబడి పొద్దున్నకి ఉండదు. ఇది వినోదం కాదని కోర్టుకి చెప్పొచ్చు, బలమైన వాదనే. కానీ ఆ వాదన వినిపించేలోపు ఒక్క రాత్రి చాలు.

అందుకని ఇలాంటిదేదైనా కొనేముందు షాపులో మూడు ప్రశ్నలు అడగండి. నెట్ లేకపోయినా, కంపెనీ సర్వర్ ఆగిపోయినా ఇది చేత్తో ఆన్ అవుతుందా? నేను కొంటున్నానా, అద్దెకి తీసుకుంటున్నానా? బిల్లు ఇస్తారా? ఆ బిల్లు పారేయకండి. వస్తువు పనిచేయకుండా పోతే మీకు అమ్మినవాణ్ణి నిలదీయొచ్చు. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మీరు ఉండే చోటే ఫిర్యాదు చేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ఊరికి పోనక్కర్లేదు.

మావయ్యకి నేను చెప్పిన జవాబు ఇది: "ఆగిపోవచ్చు మావయ్యా. పాత స్టార్టర్ తీసేశావా?" తీసి షెడ్డులో పడేశాడంట. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఫోన్ స్టార్టర్ పక్కనే దాన్ని మళ్ళీ బిగించి, మధ్యలో మార్చుకునే స్విచ్ పెట్టించాం. టార్చిలైటు కూడా మళ్ళీ మంచం పక్కకి వచ్చింది.

మీ ఇంట్లో, మీ చెరువు దగ్గర ఇలా యాప్ మీద నడిచేవి ఏమున్నాయో ఒకసారి చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.