బొగ్గు నేల మీద విశ్వవిద్యాలయం



గోదావరిఖని, రామగుండంలోని మన బొగ్గు బాయిల్లో గాలి సరిగా ఆడాలన్నా, కప్పు కూలకుండా నిలవాలన్నా గని ఇంజనీరు లెక్క తప్పకూడదు. ఆ చదువు కోసం 1978లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద, కొత్తగూడెంలో స్కూల్ ఆఫ్ మైన్స్ మొదలైంది. సింగరేణి బొగ్గు గనుల సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కనుక అంతకన్నా తగిన చోటు లేదు. తర్వాత అది కాకతీయ విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల అయింది.

2025లో ఆ కళాశాలే డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మారింది. డిసెంబర్ 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు. ఇక గనులే కాదు, మొత్తం భూమి గురించిన శాస్త్రాలకు అక్కడ చోటుంది. ఓపెన్‌కాస్టు తవ్వకాలతో రూపు మారిన మన ఊళ్ల నేల, నీటి మీద అక్కడ పరిశోధన జరగాలి. కార్మికుల పిల్లలే ఆ పని చేస్తే మరీ సంతోషం.