బిడ్డ డిగ్రీకి ముందు మనం అడగాల్సిన లెక్క

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్ ఫలితాలు వచ్చిన కాడి నుంచి మన మీటింగుల్లో ఒక మాట ఎక్కువగా వినబడుతోంది. "మా బిడ్డ సీఈసీ పాసైంది. ఎకనామిక్స్ అంటే ఇష్టం, బిజినెస్ చదువుతా అంటోంది. ఏ కాలేజీలో వేయాలె?" ఇంజనీరింగ్ గురించి చెప్పేటోళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. ఈ చదువు గురించి చెప్పేటోళ్లు తక్కువ. అందుకే ఈసారి మేము ఈ విషయమే తీసుకున్నాం.

ముందు ఏ చదువు ఏమిటో చూద్దాం. పంట చేతికొచ్చే నెలలోనే టమాటా ధర ఎందుకు పడిపోతుంది, బ్యాంకు వడ్డీ ఎందుకు పెరుగుతుంది అని వెతికేది ఎకనామిక్స్. ఇందులో ఎంఏ దాకా చదివితే లెక్చరర్ దారి ఉంది, యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష కూడా రాయొచ్చు. జమాఖర్చులు, పన్నులు, ఆడిట్ నేర్పేది బీకాం. సీఏ కావాలనుకునే పిల్లలు ఇంటర్ తర్వాతే సీఏ ఫౌండేషన్ పరీక్ష రాయొచ్చు. డిగ్రీ అయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. వ్యాపారం నడిపే తీరు నేర్పేది బీబీఏ. 2024-25 నుంచి బీబీఏ కోర్సు ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చింది. కాబట్టి బీబీఏలో చేర్చేముందు ఆ అనుమతి కాగితం చూపించమని అడగండి.

పదో తరగతి పిల్లల తల్లులు ఒక సంగతి ఇప్పుడే గుర్తుపెట్టుకోవాలె. ఎకనామిక్స్‌లో పైకి పోయేకొద్దీ గణితం కావాలి. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ సీటుకు ప్రవేశ పరీక్షలో గణితం తప్పనిసరి. లెక్కలంటే భయంలేని పిల్లకు సీఈసీ కన్నా ఎంఈసీ ఎక్కువ తలుపులు తెరుస్తుంది. సీఈసీ చదివిన పిల్లలకు దారి మూసుకుపోయిందని కాదు. బీకాం, బీబీఏ, మన దగ్గరి బీఏ కోర్సులు వాళ్లకూ ఉన్నాయి.

ఇక కాలేజీలు. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతాయి. ఆప్షన్లు పెట్టేది మన పిల్లే. ఊళ్లోకి వచ్చి "ఫోన్ ఇటివ్వండి, ఓటీపీ చెప్పండి, మేమే పెట్టేస్తాం" అనే ఏజెంట్లకు ఓటీపీ చెప్పొద్దు. వాళ్లు తమ కాలేజీ ఒక్కటే పెడితే బిడ్డ మూడేళ్లు అక్కడే కట్టుబడిపోతుంది.

దోస్త్‌తో ఆగిపోవద్దు. సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ అని వేరే పరీక్ష ఉంది, దాన్ని తెలుగులో కూడా రాయొచ్చు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత అయిదేళ్ల ఎంఏ ఎకనామిక్స్ ఉంది, దానికి ఈ పరీక్షే ఆధారం. దీని దరఖాస్తు గడువు ఇంటర్ ఫలితాలు వచ్చేదాకా ఆగదు. రెండో ఏడాది సంక్రాంతి సెలవుల నుంచే కనిపెట్టుకుని ఉండాలె. కోఠిలో 1924లో మొదలైన మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది. ఆడపిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కళాశాలలు కూడా ఉన్నాయి, వాటి ప్రవేశ ప్రకటన కూడా చూస్తుండండి.

కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ చూసి నిర్ణయం చేయొద్దు. కొత్త సంఘానికి అప్పు ఇచ్చేముందు మనం ఏం చూస్తాం? మీటింగులు జరుగుతున్నాయా, పొదుపు కడుతున్నారా, పుస్తకాలు రాస్తున్నారా అని చూస్తాం. కాలేజీని కూడా అట్లాగే చూద్దాం. ఎకనామిక్స్, కామర్స్ చెప్పే లెక్చరర్లు ఎంతమంది? వాళ్లు రోజూ వస్తారా? పోయినేడు చేరినవాళ్లలో ఎంతమంది పాసయ్యారు? న్యాక్ గ్రేడ్ ఉందా, దాని గడువు ఉందా? హాస్టల్‌లో వార్డెన్ రాత్రి ఉంటుందా? వీటి జవాబు ఆఫీసు గదిలో కన్నా రెండో ఏడాది చదివే పిల్లల దగ్గర సరిగా దొరుకుతుంది. బిడ్డను వెంట తీసుకుపోయి, వాళ్లతో మాట్లాడనివ్వండి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఫీజు ఏడాదికి 40 వేలు అన్నారనుకుందాం. హాస్టల్ నెలకు 5 వేల చొప్పున ఏడాదికి 10 నెలలు. మూడేళ్లకు ఫీజు 1,20,000, హాస్టల్ 1,50,000. మొత్తం 2,70,000. బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఇంకా పైన. మనం అడగాల్సింది ఈ మూడేళ్ల లెక్క. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండలేం. అది ఆలస్యమైతే ఆ మధ్య ఎవరు కట్టాలో చేరేరోజే అడిగి, రాయించుకోవాలె. బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చున్న కాలేజీల గురించి మన సభ్యులే చెప్పారు. అట్లా ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఒరిజినల్స్ చూపించండి, వెనక్కి తెచ్చుకోండి.

అప్పు తప్పదంటే ఏ అప్పో ఆలోచించాలె. సంఘం లింకేజీ అప్పుకు వచ్చే నెల నుంచే కిస్తీ మొదలవుతుంది. పిల్ల చదువు మూడేళ్లు, ఆ కిస్తీ అంతా తల్లి కూలి డబ్బుల మీదే పడుతుంది. బ్యాంకు విద్యా రుణానికి మామూలుగా చదువు అయిపోయి ఇంకో ఏడాది గడిచాక కిస్తీ మొదలవుతుంది. 4 లక్షల వరకు హామీ ఆస్తి అడగరు. వడ్డీ మాత్రం చదివే రోజుల్లోనూ లెక్కలోకి వస్తుంది, అది మరువొద్దు. లింకేజీ డబ్బు గేదెకో కుట్టుమిషన్‌కో పెట్టుకుంటే అదే కిస్తీ తెస్తుంది. చదువుకు చదువు అప్పే సరి.

చివరగా ఒక్క మాట, కష్టంగా అనిపించినా చెప్పాలె. కొడుకు ఇంజనీరింగ్‌కు పొలం కుదువ పెట్టిన ఇళ్లలోనే "ఆడపిల్లకు దగ్గర్లో ఏదో ఒక డిగ్రీ చాలు" అంటున్నారు. ఎకనామిక్స్ సీటు దూరంలో ఉంటే పెళ్లి సంబంధం దగ్గరికొస్తోంది. ముప్పై ఏండ్లుగా పొదుపు లెక్కలు, అప్పు లెక్కలు, వడ్డీ లెక్కలు రాసింది మన ఆడవాళ్లే. లెక్కలు మనకు చేతనైతే మన బిడ్డలకు ఎందుకు కావు?

ప్రతి గ్రామ సంఘం వచ్చే మీటింగులో ఇంటర్ చదువుతున్న ఆడపిల్లల పేర్లు, గ్రూపు, వాళ్లు ఏం చదవాలనుకుంటున్నారో మినిట్స్ పుస్తకంలో రాయాలని కోరుతున్నాం. ఆ జాబితా మాకు ఇస్తే దరఖాస్తు తేదీలు వచ్చిన రోజే మీకు చెప్పే పూచీ మాది. పిల్లను ఏం చదువుతావని ముందు పిల్లనే అడగండి. ఆ తర్వాత కాలేజీని అడుగుదాం.