దుప్పటితో పాటు ఒక డబ్బా



నేను డాక్టరును కాను. దాదాపు ముప్పై ఏళ్లుగా సుద్దముక్క పట్టుకున్న పంతులమ్మను. మహిళల ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. అందులో ఒక చిన్న విషయమే తీసుకున్నాను. యాభై దాటినవారి పొడిచర్మానికి ఏ క్రీము కొనాలి? నవ్వకండి, ఇది సోకుల సంగతి కాదు.

పోయిన చలికాలం మనం దుప్పట్లు పంచినప్పుడు పేర్లు రాసే పని నాది. ఒక పెద్దమ్మ దుప్పటి అందుకుంటే, ఆమె వేళ్ల పగుళ్లకు ఉన్ని పోగులు చిక్కుకున్నాయి. వాటిని ఒక్కొక్కటే విడదీసుకుంటూ, "రేషను దగ్గర మిషను నా వేలు పట్టటం లేదు బిడ్డా" అంది. ఆ రోజు నుంచి ఈ సంగతి నన్ను వదల్లేదు.

మా ఇంట్లో జరిగింది కూడా చెబుతాను. అమ్మీకి షుగరు. కాళ్లు ఎండిపోయి పొలుసులు లేచేవి. మంచి వాసన ఉంది, ఖరీదు ఎక్కువ, కాబట్టి మంచిదే అనుకుని ఒక క్రీము తెచ్చాను. వారం తిరక్కుండా కాళ్లు ఎర్రబడి దురద పట్టింది. డాక్టరమ్మ సీసా మూత తీసి వాసన చూసి, "ఈ సెంటే వద్దు" అన్నారు. నేను చదువుకున్నదాన్నే, కానీ సీసా వెనక రాసింది చదవలేదు.

వయసు పెరిగే కొద్దీ చర్మంలో ఊరే నూనె తగ్గుతుంది. ఆడవారికి నెలసరి ఆగాక ఇంకా తగ్గుతుంది. చర్మం పైపొరను సిమెంటుతో కట్టిన ఇటుకల గోడ అనుకోండి. సిమెంటు లాంటి కొవ్వు తగ్గితే సందులు పడతాయి, లోపలి తడి బయటికి పోతుంది. అందుకే మంచి క్రీము మూడు పనులు చెయ్యాలి. తడిని పట్టి ఉంచాలి, గ్లిజరిను, యూరియా చేసేది అదే. సందులు పూడ్చాలి, అది సెరమైడ్ల పని. పైన మూత వెయ్యాలి, అందులో పెట్రోలియం జెల్లీని మించింది అరుదు. 1872లో అమెరికాలో రాబర్ట్ చీజ్‌బ్రో పేటెంటు తీసుకున్న వాజ్‌లైన్ అదే. ఇప్పటికీ చవకైనది, ఇప్పటికీ మంచిది.

కొట్లో మూడు రకాలు దొరుకుతాయి. లోషనులో నీళ్లు ఎక్కువ, క్రీములో కొంత తక్కువ, ఆయింట్‌మెంటులో నూనె ఎక్కువ. బాగా ఎండిన చర్మానికి లోషను చాలదు. చేతులకూ ముఖానికీ సెంటు లేని క్రీము, కాళ్లకూ మడమలకూ జెల్లీ వాడండి. మడమ గట్టిపడితే పది శాతం యూరియా ఉన్న క్రీము మేలు. పగులు లోతుగా ఉంటే అది మండుతుంది, అప్పుడు జెల్లీయే రాయండి.

ఎప్పుడు రాస్తామన్నది కూడా ముఖ్యమే. వేడివేడి నీళ్లు, ఘాటు సబ్బు ఉన్న కాస్త నూనెనూ తీసేస్తాయి. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, తుడుపుగుడ్డతో అద్ది, ఒంటి మీద కాస్త తడి ఉండగానే రాయాలి. రోజుకు ఐదుసార్లు వజూ చేసే చేతులకూ పాదాలకూ ఇది మరీ అవసరం. నమాజయ్యాక చేతులకు కొద్దిగా క్రీము రాసుకోండి. ఇషా తర్వాత పడుకునే ముందు మడమలకు జెల్లీ పట్టించి నూలు మేజోళ్లు వేసుకోండి. జెల్లీ రాసిన కాళ్లతో నేల మీద నడిస్తే జారతారు. జెల్లీ అంటిన బట్టలకు నిప్పు త్వరగా అంటుకుంటుంది, పొయ్యి దగ్గర జాగ్రత్త.

షుగరు ఉన్నవారు కాలివేళ్ల సందుల్లో ఏదీ రాయకండి, అక్కడ తడి నిలిస్తే పాచిపోతుంది. రోజూ అరికాలు చూసుకోండి. పగుల్లో నెత్తురు, చీము, వాపు కనిపిస్తే క్రీముతో సరిపెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒళ్లంతా ఆగని దురద ఉన్నా అంతే, అది థైరాయిడ్, కిడ్నీ జబ్బుల వల్ల కూడా రావచ్చు.

ఇంకొక్క మాట. తెల్లబడతారని అమ్మే పేరులేని క్రీముల్లో పాదరసం ఉండవచ్చు, స్టెరాయిడ్ ఉండవచ్చు. స్టెరాయిడ్ రాసే కొద్దీ చర్మం పలచబడుతుంది. అసలే పలచబడిన పెద్దవారి చర్మానికి అది రెట్టింపు నష్టం. డాక్టరు చీటీ లేకుండా అలాంటివి కొనకండి.

దాతలకు నా విన్నపం ఇది. ఈసారి పంచే ప్రతి దుప్పటి మడతలో సెంటు లేని జెల్లీ డబ్బా ఒకటి పెడదాం. దుప్పటి ఖరీదు ముందు దాని ఖరీదు ఎంత? ఎలా వాడాలో పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఉర్దూలోనూ చీటీ రాసే పని మా బడి పిల్లలతో నేను చేయిస్తాను. చదవలేనివారికి ఇచ్చే చోటే చెబుదాం. వయసుతో వేలి గీతలే అరిగిపోయిన వారికి ఏ క్రీమూ వాటిని తెచ్చి ఇవ్వదు. ఎండి పగలటమే కారణమైన వారికి మాత్రం కొంత తేడా కనిపిస్తుంది. పోయినసారి చేతికి చిక్కుకున్న దుప్పటి ఈసారి ఆ పెద్దమ్మ చేతిలో నున్నగా జారాలి, నేను కోరేది అంతే.