దోసెడు శనగల వాయనం

శ్రావణ మాసపు పేరంటంలో అతిథి చేతికి అందేదేమిటో ఒకసారి చూడండి. రెండు తమలపాకులు, వక్క, అరటిపండు, పసుపు కుంకుమ, దోసెడు నానిన శనగలు. రాత్రి నీళ్లలో పోస్తే తెల్లారేసరికి గింజ ఉబ్బి దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది. పొట్టు బిగిసి నున్నగా మెరుస్తుంది. తడిగుడ్డలో కట్టి ఉంచితే ముక్కు దగ్గర తెల్లటి మొలక తొంగిచూస్తుంది. కానుకంటే ఇలా ఉండాలని నా నమ్మకం. రబీలో పండిన గింజ వానాకాలం దాకా డబ్బాలో నిలవుంటుంది, ఖర్చు తక్కువ, మాంసకృత్తులు పుష్కలం. మర్నాడు ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తిరగమోత పెడితే గుగ్గిళ్లు సిద్ధం.

ఇప్పుడు శనగల పక్కన ప్లాస్టిక్ డబ్బానో స్టీలు గిన్నెనో చేరుతోంది. నిలిచే వస్తువిస్తేనే గుర్తుంటుందని కొందరి వాదన. కానీ అలాంటివి అలమరలో పది చేరాక ఏది ఎవరిచ్చారో గుర్తుండడం కష్టమే. తినేసే కానుకతో ఆ ఇబ్బంది లేదు, తిరిగి ఎంతలో ఇవ్వాలన్న లెక్కా పుట్టదు. ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది: పేరంటానికి ముత్తయిదువలనే పిలుస్తారు, భర్త పోయిన స్త్రీని గడప అవతలే ఉంచుతారు. అది నిజం, మనసుకు కష్టం కలిగించే నిజం. అయితే ఆ గీత గీసింది మనుషులే, చెరపగలిగేదీ మనమే. ఈసారి ఎదురింటి పెద్దమ్మను కూడా పిలవండి. చాప మీద అందరి మధ్యా కూర్చోబెట్టి, అదే దోసెడు శనగలు ఆమె కొంగులో పోయండి.