పిల్లల మనస్సునకు పూచీ యెవరు?

ఇంటిలో బిడ్డకు జ్వరము వచ్చినచో డాక్టరు వద్దకు తీసికొనిపోవుదుము. ఆయన చదివిన చదువేమో, వైద్యమండలి పట్టికలో ఆయన పేరున్నదో లేదో తెలిసికొనుటకు మార్గము కలదు. ఆస్తి తగవు వచ్చినచో వకీలును ఆశ్రయింతుము. 1961 నాటి అడ్వకేట్ల చట్టము ననుసరించి బార్ కౌన్సిలు పట్టికకు ఎక్కనివారికి ఆ వృత్తి సాగించు హక్కు లేదు. కాని ఆ బిడ్డయే బడికి పోనని మూల కూర్చుండినప్పుడు, పరీక్షల భయముతో నిద్రకు దూరమైనప్పుడు, బడిలో ఆ బిడ్డను ఏకాంతముగా పిలిచి మాటలాడువారికి గల అర్హత యేమియో మనలో ఎందరము విచారించుచున్నాము?

ఇది ఏ కొద్ది కుటుంబములకో సంబంధించిన ప్రశ్న కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేయందు, 13 మొదలు 17 ఏండ్ల వయస్సు గలవారిలో నూటికి 7.3 వంతున ఏదో యొక మానసిక రుగ్మత కలదని తేలినది. అనగా నలుబదిమంది కూర్చుండు తరగతిలో ఇంచుమించు ముగ్గురు.

ఈ విషయమున విశాఖపట్టణము పేరు దేశమంతట వినబడుటకు ఒక విషాదము కారణమైనది. అచ్చట వసతిగృహమున నుండి వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన 17 ఏండ్ల బాలిక 2023 జూలైలో మరణించినది. ఆమె తండ్రి సర్వోన్నత న్యాయస్థానము నాశ్రయించెను. 2025 జూలై 25వ తేదీన ఆ న్యాయస్థానము కేసు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించుటయే గాక, తగిన చట్టము వచ్చువరకు దేశమందలి విద్యాసంస్థలు పాటింపవలసిన 15 మార్గసూత్రములను విధించినది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులు గల ప్రతి సంస్థయు, బాలబాలికల మానసికారోగ్యమున శిక్షణ పొందిన అర్హులైన కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సోషల్ వర్కరునో కనీసము ఒకరిని నియమింపవలెను. అంతకంటె చిన్న సంస్థలు వెలుపలి నిపుణులతో ఏర్పాటు చేసికొనవలెను.

ఆజ్ఞ మంచిదే. కాని ‘అర్హులైన’ అను మాటయే అందులకు ప్రాణము. ఆ అర్హతను నిర్ణయించునది యెవరు? క్లినికల్ సైకాలజిస్టుల విషయమున సమాధానము స్పష్టముగానే యున్నది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము ప్రకారము వారి పేరు కేంద్ర రిజిస్టరులో నుండవలెను. లేకయే వృత్తి సాగించినచో ఒక సంవత్సరము వరకు ఖైదు, లేక వేయి రూపాయల వరకు జుల్మానా, లేక రెండును విధింపవచ్చును. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము రాష్ట్ర ప్రాధికార సంస్థయు వారిని నమోదు చేయవలెనని చెప్పినది. తక్కిన సైకాలజిస్టులను, కొన్ని తరగతుల కౌన్సెలర్లను 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము క్రిందికి తెచ్చిరి. ఈ చట్టములన్నియు ఆరోగ్యరంగమును దృష్టియందుంచుకొని వ్రాసినవి. బడి కౌన్సెలరు కొరకే ప్రత్యేకముగ నిర్మించిన లైసెన్సు వీనిలో దేనియందును కానరాదు. కావుననే కొలదిదినముల శిక్షణ పత్రము గలవారును, ఏండ్లకొలది అభ్యసించినవారును ఒకే పేరుతో ఒకే కుర్చీలో కూర్చుండుటకు వీలు కలుగుచున్నది.

లైసెన్సు విద్యకు గుర్తు మాత్రమే యని తలపరాదు. అది ఒక కట్టుబాటు. పట్టికకు ఎక్కిన పేరును, తప్పు చేసినచో, పట్టికనుండి తొలగింపవచ్చును. అట్టి పట్టిక లేని కౌన్సెలరు జీతమిచ్చు యాజమాన్యమునకు మాత్రమే జవాబుదారి. బిడ్డ కన్నీటితో చెప్పిన మాటలను తమకు తెలుపుమని యాజమాన్యము కోరినచో, మార్కులు తగ్గిన విద్యార్థి ఈ బడికి తగడని వ్రాసి యిమ్మనినచో, కాదనుటకు ఆ ఉద్యోగికి అండ యేది? లైసెన్సు గలవారు ‘నా వృత్తినియమము ఒప్పదు’ అని చెప్పగలరు. తల్లిదండ్రులకును ఫిర్యాదు చేయుటకు ఒక చోటు దొరకును.

రహస్యమును కాపాడుట ఎంత ముఖ్యమో, కాపాడగూడని రహస్యమును గుర్తించుటయు అంత ముఖ్యము. బాలలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినచో, పోలీసులకు తెలుపుట 2012 నాటి పోక్సో చట్టము క్రింద విధి, తెలుపకుండుట నేరము. శిక్షణ లేనివారు చెప్పగూడనిది చెప్పుటకును, చెప్పవలసినది దాచుటకును గూడ అవకాశము కలదు.

‘అసలే నిపుణులు కొరత, లైసెన్సు పట్టుబట్టినచో పల్లెబడులకు ఎవరు వత్తురు?’ అని కొందరు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన ఆక్షేపణ కాదు. అయితే వేయిమందిని చంపినగాని వైద్యుడు కాడను సామెత నవ్వుకొనుటకే గాని బిడ్డల విషయమున ఆచరించుటకు గాదు. పని పంచుకొనుటయే ఇందులకు ఉపాయము. బిడ్డ ముఖము వాడుటను మొదట కనిపెట్టునది, ఓర్పుతో వినునది, నిపుణుల వద్దకు పంపునది ఉపాధ్యాయుడే. ఆ పనికి లైసెన్సు అక్కరలేదు. సిబ్బంది యందరికి ఏటికి రెండుసార్లు శిక్షణ యిప్పింపవలెనని న్యాయస్థానము చెప్పినది ఇందులకే. రోగనిర్ణయమును, చికిత్సయు మాత్రము లైసెన్సు గలవారికే విడువవలెను. ఒక్క నిపుణుడు నియమితముగ దర్శించుచు నాలుగైదు పల్లెబడులకు తోడ్పడవచ్చును.

ఇట్టి లైసెన్సు నిచ్చునప్పుడు ఆసుపత్రి యనుభవముతో మాత్రము తృప్తిపడరాదు. పరీక్షల ఒత్తిడి, తోటివారి యెగతాళి, వసతిగృహ జీవితము, తల్లిదండ్రుల యాశలు—ఇవి తెలియుటకు బడిలోనే, అనుభవజ్ఞుల పర్యవేక్షణ క్రింద, కొంతకాలము పనిచేసి యుండవలెను.

ప్రభుత్వములు ఆ పని పూర్తిచేయువరకు తల్లిదండ్రులు ఊరకుండ నవసరము లేదు. బిడ్డను చేర్చునాడు రుసుము లెంతయని అడిగినట్లే, ఈ మూడు ప్రశ్నలను గూడ అడుగవచ్చును. మీ కౌన్సెలరు ఏ విద్య నభ్యసించిరి? ఏ పట్టికలో నమోదైరి? బిడ్డ చెప్పిన మాట ఎవరికి చేరును, ఎవరికి చేరదు? ఇంతలో అవసరము పడినచో 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ సేవను 14416 అను నంబరుపై రేయింబవళ్లు ఉచితముగ పిలువవచ్చును.

బడి బస్సు నడపువానికి లైసెన్సు ఉన్నదా యని అడుగుట మనకు అలవాటైనది. ఆ బస్సులో కూర్చుండు బిడ్డ మనస్సును చేతబట్టువారిని గూడ అట్లే అడుగుట అలవాటు కావలెను.