సోయా చిక్కుడు: గింజ ధర ఎక్కడ తేలుతుంది?



మన ఉప్పల్, నాచారం వైపు మీల్ మేకర్ కూర వండని యిల్లు వుందంటే నేను నమ్మను. మసాలా దట్టిస్తే పిల్లలు మాంసం కూరే అనుకుని తినేస్తారు. కాని అది దేనితో తయారవుతుందమ్మా అంటే చాలామంది తడుముకుంటారు. సోయా చిక్కుడు గింజల నుంచి నూనె తీసేశాక మిగిలిన పిండితో చేస్తారండీ దాన్ని. ఆ గింజలు మనకు మరీ దూరానివి కావు. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల నల్లరేగడి చేలల్లో తొలకరి వానలకు వేసి, దసరా నాటికి కోస్తారు.

ఆ రైతుకు గింజ ధర ఎవరు కడుతున్నారు? యీ వేళ నేను మాట్లాడాలనుకున్నది అదే.

మనం సోయా అనగానే నూనె అనుకుంటాం. 100 కిలోల గింజలు ఆడిస్తే నూనె సుమారు 18 కిలోలే. 80 కిలోల దాకా మిగిలేది చెక్క. అందులో దాదాపు సగం మాంసకృత్తులే. కోళ్ళ దాణాకి దాన్ని మించింది లేదు. అందుకే ఆ చెక్క ఓడలెక్కి యితర దేశాలకు కూడా పోతుంది. మన సోయా జన్యుమార్పిడి చేసిన రకం కాదు కనుక, అటువంటిదే కావాలనే దేశాలు దీన్ని అడిగి కొంటాయి. అయితే అమెరికా, బ్రెజిల్, అర్జెంటీనాలలో పంట విరగపండితే ఆ చెక్క ముందు మన చెక్క ఖరీదు ఎక్కువనిపిస్తుంది. కొనేవాళ్ళు అటు మళ్ళుతారు. యిక్కడ ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో గింజ ధర జారిపోతుంది. పొద్దున్నే బండి కట్టుకొచ్చిన రైతు, మొన్నటి ధర యివాళ లేదేమిటని దళారిని నిలదీస్తాడు. దళారి చేతిలో మాత్రం ఏముందీ? అంటే దళారులందరూ ధర్మరాజులని కాదు లెండి.

2021వ సంవత్సరం చూడండి. ఆ ఏడు వేసవి దాటేసరికి క్వింటాలు సోయా పదివేల రూపాయల దాకా ఎగబాకింది. కోళ్ళ ఫారాలవాళ్ళు దాణా కొనలేక గగ్గోలు పెట్టారు. ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల చెక్కను బయటి దేశాల నుంచి తెచ్చుకోవడానికి అనుమతిచ్చింది. ఆ తరువాత కొత్త పంట కూడా వచ్చేసరికి ధర కిందికి దిగింది. పదివేలు పలుకుతుందని ఆశపడ్డ రైతు అందులో ముప్పాతిక కూడా కళ్ళ చూడలేదు. ఆ ఏడాది కోడిగుడ్డు ధర మీకు గుర్తుండే వుంటుంది. కాని గుడ్డుకూ సోయా చేనుకూ సంబంధం వుందని మనలో ఎంతమందికి తట్టింది?

నూనె సంగతి మరీ చిక్కు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. 2024 సెప్టెంబరులో ముడి సోయా నూనె మీద ప్రభుత్వం 20 శాతం దిగుమతి సుంకం వేసింది. రైతుకు ఆసరాగా వుంటుందని వేశారు. మన వంటింట్లో ప్యాకెట్టు ధర పెరిగింది. అయినా ఆ సీజనులో మద్దతు ధర 4,892 రూపాయలుంటే, చాలా మార్కెట్లలో గింజ అంతకు తక్కువకే పోయింది. కారణం? చెక్కకు గిరాకీ లేదు. ఇథనాల్ ఫ్యాక్టరీల్లో మొక్కజొన్న, బియ్యం పులియబెట్టాక మిగిలే పిప్పి చవకగా దొరుకుతూ వుంటే, కోళ్ళవాళ్ళు సోయా తగ్గించి అది కలిపారు. 2025 మే చివర సుంకాన్ని 10 శాతానికి దించారు. మనం హమ్మయ్య అనుకున్నాం. అనుకోవద్దని నేననను, నెలాఖరు లెక్కలు నావీ మీలాంటివే. కాని మనకు తగ్గిన ఆ నాలుగు రూపాయల్లో రైతు వాటా కూడా వుందని తెలిసి కొనుక్కోవాలి.

ఉప్పల్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాకకు బస్సులో వెడుతూ వుంటే పెద్ద పెద్ద పరిశోధనాలయాల గేట్లు కనిపిస్తాయి. అందులో వొకటి, 1944లో నిజాం కాలంలో మొదలైన రసాయన ప్రయోగశాల. యిప్పుడు ఐ.ఐ.సి.టి. అంటున్నారు. నూనెల మీద అక్కడ ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది. తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో మన వూరికొచ్చింది. నాచారం పారిశ్రామికవాడలో అంగన్‌వాడీ పిల్లలకు బాలామృతం తయారుచేసే తెలంగాణ ఫుడ్స్ వుంది. గింజ నుంచి గిన్నెదాకా చదువుకున్నవాళ్ళంతా మన వీధుల్లోనే వున్నారన్నమాట. రైతు మాత్రం 300 కిలోమీటర్ల అవతల, రేపటి ధరేమిటో తెలియకుండా వున్నాడు.

అలాగని రైతు దగ్గరకు పరిశోధన అసలు పోలేదనను. ఆదిలాబాద్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధనా స్థానం వుంది, బాసర అనే రకం అక్కడిదే. అయినా మన దేశంలో హెక్టారుకు టన్ను చిల్లర పండితే, అమెరికా, బ్రెజిల్‌లలో మూడు టన్నులు దాటుతుంది. పోటీ వాళ్ళతో! విత్తనమూ, ఎరువూ ఎలాగో చెప్పేవాళ్ళున్నారు. చెక్క ఎగుమతి యీ నెల ఎలా వుంది, గింజ యిప్పుడే అమ్మాలా, పది రోజులు ఆగాలా అన్నది చెప్పేవాళ్ళే తక్కువ. రేడియోలో వాన సంగతి చెప్పినట్లు ఆ సంగతీ చెపితే ఎంత బాగుండును! ఎండబెట్టడం సంగతీ అంతే. ప్రభుత్వ కొనుగోలుకు గింజలో తేమ 12 శాతం మించకూడదు. 2024లో ఆ వొక్క సీజనుకూ 15 దాకా సడలించారు. కోత వానకు తడిసిన గింజ తెచ్చినవాడికి తిప్పలు తప్పవు.

అటువైపు పల్లెల్లో మీకు పుట్టిల్లో, మేనమామ యిల్లో వుంటే యీ వొక్క మాట చెప్పండి. సోయా గింజ పొర పలచన, మొలకెత్తే శక్తి తొందరగా పోతుంది. విత్తే ముందు 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి, ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ వుండాలి. మనం పెసలు మొలకలు కట్టినట్లే. అయిదారు రోజులకు విప్పి చూస్తే 70 అయినా మొలకెత్తి వుండాలి. తగ్గితే ఆ సంచి వెనక్కిచ్చి, రసీదు చూపించి వేరే విత్తనం అడగమనండి.