రాతిమీది పేరు

ఖిలా వరంగల్లులో కాకతీయుల తోరణములు నాలుగును నేటికిని నిలిచియున్నవి. నడుమనున్న స్వయంభూ దేవాలయము మాత్రము కూలినది. దాని చెక్కడపు రాళ్లు నేలపై పరచుకొని యున్నవి. సెలవుదినమున అక్కడికి వచ్చు పిల్లలలో ఏడవ తరగతి బాలు డొకడు తప్పక యుండును. వాని పేరు చెప్ప నక్కరలేదు. శ్రోతలలో పలువురి యిండ్లలో వాడున్నాడు.

ఆటకు వాడే నాయకుడు. ఓడినచో బంతి మంచిది కాదనును. బడి నాటకములో రాజువేషము వానిదే. బల్లలు మోయువేళకు కడుపునొప్పి వచ్చును. తోడివారు చూచుచుండగా మేకుతో తోరణపు రాతిపై తన పేరు గీయును. కావలివాడు కేకవేసినచో ముందు పరుగెత్తువాడును వాడే; చిక్కువాడు వాని తమ్ముడు.

అట్లు గీయుట 1958 నాటి చట్టము ప్రకారము నేరము. 2010 సవరణతో శిక్ష రెండేండ్ల ఖైదు, లక్షరూపాయల జరిమానా వరకు పెరిగినది. కాని చట్టము పేరు చెప్పిన పండ్రెండేండ్లవాడు బెదరునా? ఆ ప్రాయమున లోకమంతయు తన్నే చూచుచున్నట్లు తోచును. డేవిడ్ ఎల్కైండ్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1967లో దీనిని కల్పిత ప్రేక్షకులనెను. చిక్కేమనగా, ఆ ప్రేక్షకులలో మనమును చేరుచున్నాము. చుట్టము వచ్చినచో వానిచేత పద్యము చదివింతుము. వాడు విడిచిన పని తల్లి చేసిపెట్టును.

పేరుపై మక్కువ తప్పు కాదు. ఈ కోటనేలినవారికిని, వారి కొలువువారికిని అది కలదు. అయితే వారి శాసనములలో పేరు ఒంటరిగా నుండదు. దానివెంట ఒక బరువుండును. 1213లో రామప్పగుడి కట్టించిన రేచర్ల రుద్రుడు గుడితోపాటు చెరువును కట్టించెను. దానిక్రింద నేటికిని పొలములు పండుచున్నవి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి శాసనమున, తుపానుకు ఒడ్డునపడిన ఓడల సరకును వెనుకటి రాజులవలె దోచనని, నియతమైన సుంకము మాత్రమే గైకొందునని వర్తకులకు మాట యిచ్చెను. అన్నిటికంటె నాకు ప్రియమైనది 1289 నాటి చందుపట్ల శాసనము. పువ్వుల ముమ్మడి యను బంటు, రుద్రమదేవికిని సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా దేవునికి భూమి నిచ్చెను. తన యేలినవారికై చేసిన ఆ దానము వలననే ఆ బంటు పేరు మనకు తెలిసినది.

మన బాలునికి చెరువు త్రవ్వింప నక్కరలేదు. మంచినీళ్ల బిందె చాలును. సాయంకాలము దానిని నింపుట వాని పని. తమ్మునికి పురమాయింపరాదు, నింపినందుకు మెచ్చుకోలును ఉండరాదు. మూడవనాడు వాడు మరచును. రాత్రి భోజనమువేళ బిందె ఖాళీగా నుండును. తల్లి చెంబు పట్టుకొని లేవబోవును. ఆమెను కూర్చుండబెట్టి, ఇంటిల్లిపాదియు వానివంక చూడక, కొంతసేపు దప్పి నోర్చుకొనవలెను.